ఎనిమిదో స్థానంలో బావగారి కంపెనీ

నా మీద ఆఫీసులో పడిన మొదటి నింద కొన్ని మిల్లీసెకన్ల గురించి. మా టీమ్ లీడ్ నా రిపోర్టును ప్రింటు తీసి తెచ్చి, నా కీబోర్డు మీద పడేసి, ఆ వరసలో కూర్చున్న అందరికీ వినిపించేలా అన్నాడు.

"ఇది మీరు కావాలనే చేశారు."

వయసులో నాకంటే పన్నెండు పదమూడేళ్లు పెద్ద. అయినా అతని గురించి ‘ఆయన’ అని రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రావడం లేదు.

అప్పుడు మేం మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం నాలుగో అంతస్తులో పనిచేసేవాళ్లం. చిన్న కంపెనీ. వెబ్‌సైట్లు పెట్టుకునేవాళ్లకు సర్వర్లలో చోటు ఇచ్చే హోస్టింగ్ కంపెనీలు చాలా ఉంటాయి కదా, వాటిలో ఏది మంచిదో ఏది కాదో పరీక్షించి ఇంగ్లిషులో రాయడం మా వ్యాపారం. చదివేవాళ్లు దాదాపు అందరూ అమెరికాలో ఉండేవాళ్లే. నా వంతుకు వచ్చింది డీఎన్ఎస్ వేగం. ఎవరైనా ఒక వెబ్‌సైట్ పేరు కొట్టగానే, ఆ సైటు ఏ యంత్రంలో ఉందో ముందు ఎవరో ఒకరు చిరునామా చెప్పాలి. ఆ చెప్పే పని డీఎన్ఎస్‌ది. ఏ కంపెనీ సర్వర్ ఎంత త్వరగా చెబుతుందో కొలిచి, వాటిని వరస పెట్టడం నా పని. రెప్పపాటులో అయిపోయే సంగతి. దాని కోసం ఇద్దరు మనుషులు ఒకరి మొహం ఒకరు చూడలేనంతగా కొట్టుకుంటారని ఉద్యోగంలో చేరిన రోజున ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

నిజం చెప్పాలంటే, కొట్టుకున్నది ఒక్క దాని కోసమే కాదు.

అవి తెలంగాణ ఉద్యమం వీధివీధినా నడుస్తున్న రోజులు. మాది ఖాజాగూడ, తాతల నాటి నుంచీ అక్కడే. మా నాయిన తెల్లాపూర్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీలో సెక్యూరిటీ గార్డు. డ్యూటీ దిగగానే యూనిఫారం చొక్కా విప్పి సంచిలో పెట్టుకుని, దీక్షా శిబిరంలో కూర్చోవడానికి వెళ్లేవాడు. లీడ్ వాళ్లది కృష్ణా జిల్లా. చదువు అవగానే హైదరాబాద్ వచ్చేసి, చందానగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మా ఆఫీసులో అటువాళ్లు సగం, ఇటువాళ్లు సగం. ఉద్యమం ముదిరేకొద్దీ క్యాంటీన్‌లో బల్లలు కూడా విడిపోయాయి. ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. ఒక రోజు నేను అన్నం డబ్బా పట్టుకుని మామూలుగా కూర్చునే బల్ల దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయాయి. మర్నాటి నుంచి వేరే బల్ల దగ్గర కూర్చున్నాను.

అతనికీ నాకూ అంతకుముందే చెడింది. ఒక మీటింగులో అంకెలు చూపిస్తూ, తొందరలో "నంబర్లు గిట్ల వస్తున్నయి సార్" అన్నాను. ఆఫీసులో ఎప్పుడూ పుస్తకాల తెలుగే మాట్లాడేదాన్ని. ఆ రోజు ఇంటి మాట వచ్చేసింది. అతను పెన్ను కింద పెట్టి, "గిట్లనా అండీ, గట్లనా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఇటువాళ్లు కూడా నవ్వారు. అతను ఆ మాట అనేసి అప్పుడే మరిచిపోయి ఉంటాడు. నేను మరిచిపోలేదు.

ఆ తర్వాత ఒక బంద్ రోజున, చందానగర్‌లో ముంబయి హైవే మీద, అతని కారు అద్దానికి రాయి తగిలింది. వెనక సీట్లో అతని కూతురు ఉందట. మర్నాడు క్యాంటీన్‌లో అతను తన బల్ల దగ్గరివాళ్లకు ఆ సంగతి చెబుతున్నాడు.

"పాప జుట్టు నిండా గాజుపెంకులండీ. ఇప్పటికీ కారెక్కనంటోంది. మేమేం చేశామండీ వీళ్లకి?"

పక్క బల్ల దగ్గర నేను నవ్వాను. పెద్దగా కాదు. డబ్బా మూత తీస్తూ, తల దించుకుని నవ్వాను. తలెత్తేసరికి అతను నా వైపే చూస్తున్నాడు.

ఆ నవ్వుకు నేను ఇంతవరకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఏమీ లేదు కూడా.

అక్కణ్నుంచి రోజూ ఏదో ఒకటి. బస్సులు నిలిచిపోయిన సమ్మె మొదలైంది. ఖాజాగూడ నుంచి రాయదుర్గం మీదుగా నడిచి ఆఫీసు చేరేసరికి పదిన్నర దాటేది. నేను లోపలికి అడుగుపెట్టగానే అతను గోడ గడియారం వైపు చూసి, నా వైపు చూసి, సగం రోజు సెలవు వేసేవాడు.

"బస్సులు లేవు సార్. నడిచి వచ్చాను."

"బస్సులు ఆపింది మేం కాదు కదండీ."

ఆ సమ్మె రోజుల్లోనే ఎనిమిది హోస్టింగ్ కంపెనీల డీఎన్ఎస్ పోలిక నాకు అప్పగించారు. ఎనిమిదిలో ఏడు అమెరికావి. ఎనిమిదోది మా డైరెక్టర్ బావమరిదిది. అతను ఎప్పుడు వచ్చినా గుమ్మంలోంచే "బావగారూ" అని పిలిచేవాడు కాబట్టి, చాటున మేమంతా దాన్ని బావగారి కంపెనీ అనేవాళ్లం. దాని సర్వర్లు ముంబయిలో ఉండేవి. మా లీడ్ ఇక్కడికి రాకముందు అందులోనే పనిచేశాడు. దాని డీఎన్ఎస్ మొత్తం తన చేతుల మీదుగా నిలబెట్టానని కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు.

నేను ప్రతి కంపెనీలోనూ ఒక ఉత్తుత్తి సైటు పెట్టాను. గంటకోసారి వాటి చిరునామాలు అడిగి, జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో రాసుకునే స్క్రిప్టు ఒకటి రాశాను. పది రోజులు నడిపాను. ఏడు కంపెనీలూ దాదాపు ప్రతిసారీ ఒకటి రెండు మిల్లీసెకన్లలో జవాబు చెప్పాయి. బావగారి కంపెనీకి ముప్పై దాకా పట్టింది. ఆ వరస మీద ఎర్ర రంగు పూశాను. ‘అన్నిటికంటే నిదానం, ఎనిమిదో స్థానం’ అని లావు అక్షరాల్లో పెట్టాను. మామూలుగా రిపోర్టు లీడ్‌కి మాత్రమే పంపాలి. ఆ రోజు డైరెక్టర్‌కి కూడా పంపాను. పంపుతున్నప్పుడు నా ఒంట్లో ఏదో హుషారు. ఇన్నేళ్లయినా అది గుర్తుంది.

అందుకే అతను ప్రింటు తెచ్చి నా కీబోర్డు మీద పడేశాడు.

"కావాలని చేయడమేంటి సార్? కంప్యూటర్ కొలిచింది. దానికి ఆంధ్రా తెలంగాణా తెలియదు."

"కంప్యూటర్‌కి తెలియదండీ. స్క్రిప్టు రాసిన మనిషికి తెలుసు."

"ఏంది సార్ మీరనేది? నేను దొంగ లెక్కలు రాసిన్నా?"

గొంతు నాకు తెలియకుండానే లేచింది. వరసలో అందరూ కుర్చీలు తిప్పి చూస్తున్నారు. అతను తగ్గలేదు. "నా పిల్ల మీద గాజుపెంకులు పడితే నవ్విన మనిషి ఏమైనా రాస్తుంది" అన్నాడు. నేను నవ్వలేదని అనబోయాను. నోరు రాలేదు.

డైరెక్టర్ ఇద్దర్నీ లోపలికి పిలిచాడు. అతను నిదానస్తుడు, గొడవలంటే పడదు. ఇద్దరి మాటలూ పూర్తిగా వినకుండానే తేల్చేశాడు.

"ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మొదటి నుంచీ మళ్లీ కొలవండి. ఒకరు లేకుండా ఒకరు ఆ మెషీన్ ముట్టుకోవద్దు."

అలా మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. సమ్మె వల్ల ఆఫీసు సగం ఖాళీ. మొదటి రోజు అతను నా స్క్రిప్టును వరస వరసా చదివాడు. ప్రతి వరస దగ్గరా ఆగి, "ఇది ఎందుకు రాశారు?" అని అడిగేవాడు, పోలీసు స్టేషన్‌లో అడిగినట్టు. నేను అడిగిన దానికి మాత్రమే, ఒక్క మాట ఎక్కువ కాకుండా జవాబు చెప్పేదాన్ని. అతను నీళ్ల సీసా బల్ల మీద పెడితే నా పుస్తకం ఇవతలికి జరుపుకునేదాన్ని. ఇద్దరి కుర్చీల మధ్య ఇంకో కుర్చీ పట్టేంత చోటు ఉండేది.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి నాకు తప్పు కనబడింది.

అంకెల పట్టీ తెర మీద ఉంది. ఒకటి, రెండు, ఒకటి, ఒకటి. హైదరాబాద్‌లో అడిగిన ప్రశ్న సముద్రాల కింద తీగల్లో అమెరికా పోయి, జవాబు పట్టుకుని తిరిగి రావాలంటే ఎంత లేదన్నా రెండు వందల మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్క మిల్లీసెకనులో వచ్చే జవాబు అమెరికా నుంచి రాదు. పక్క గదిలోంచి వస్తుంది.

పక్క గదిలో మా ఆఫీసు సర్వర్ ఉండేది. అది ఒకసారి బయట అడిగి తెలుసుకున్న చిరునామాను కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. ఎంతసేపు గుర్తుంచుకోవాలో ఆ హోస్టింగ్ కంపెనీయే చెబుతుంది. ఏడు కంపెనీలు రోజంతా గుర్తుంచుకోమన్నాయి. బావగారి కంపెనీ ఐదు నిమిషాలే అంది. నా స్క్రిప్టు గంటకోసారి అడిగేది. కాబట్టి ఏడింటికి మా సర్వర్ తన గుర్తులోంచి జవాబు ఇచ్చేసింది. బావగారి కంపెనీని మాత్రం ప్రతిసారీ ముంబయి దాకా వెళ్లి నిజంగా అడిగింది. నేను పది రోజులు కొలిచింది ఒక కంపెనీ వేగాన్ని, ఏడు సార్లు మా ఆఫీసు సర్వర్ వేగాన్ని.

ఈ పని నేర్చుకునేవాళ్లకు మొదటి వారంలోనే తెలిసే సంగతి ఇది. ఎర్ర రంగు పూసిన వరసలో వేరే కంపెనీ ఉండి ఉంటే, ఆ ఒకట్లూ రెండ్లూ చూడగానే ఆగిపోయేదాన్ని. పది రోజులూ అవి నా కళ్ల ముందే ఉన్నాయి. నేను చూడదలచుకోలేదు.

అతనికి ఇంకా తట్టలేదు. నేను చెప్పలేదు. ఐదున్నరకు సంచి తగిలించుకుని బయటపడ్డాను.

ఇంటికి వెళ్లేసరికి నాయిన శిబిరం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"ఏంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్? ఆ లీడ్‌గాడేనా మళ్ల?"

"ఆఁ, ఇంకెవ్వరు?"

"జర గట్టిగ నిలబడు. తప్పు జెయ్యనప్పుడు నీకెందుకు ఫికర్?"

నాయిన ధైర్యం చెబుతున్నాడు. తప్పు కనబడిన సంగతి నాయినకూ చెప్పలేదు.

రెండో రోజు కూడా పొద్దంతా నోరు మూసుకుని కూర్చున్నాను. అతను అదే స్క్రిప్టు మళ్లీ మొదటి నుంచి చదువుతున్నాడు. చొక్కా చేతులు మడిచాడు, చెమట పడుతోంది. ఒకసారి నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టుగా, "నేను పెట్టిన సర్వర్లు ఇంత నిదానంగా ఉండవు. ఎక్కడో తేడా ఉంది" అన్నాడు. ఆ బేలతనాన్ని నేను మధ్యాహ్నం దాకా ఆనందించాను. భోజనం చేసి వచ్చాక అతను కుర్చీ నా వైపు తిప్పాడు.

"ఒక్క మాట చెప్పండి. ఈ అంకెల్ని మీరు నమ్ముతున్నారా?"

అతను అలా అడుగుతాడనుకోలేదు. నమ్ముతున్నాననడం ఎంత పని? రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలు అంటే నేను అతను అనుకున్న మనిషినే అవుతాను.

"లేదు సార్."

పట్టీలో ‘ఒకటి’ అన్న అంకెను వేలితో చూపించాను. అతనికి అర క్షణంలో అర్థమైంది. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. మెచ్చుకుంటాడని నేను అనుకోలేదు, మెచ్చుకోలేదు కూడా.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"నిన్న సాయంత్రం."

"నిన్న సాయంత్రం తెలిసి, ఇవాళ పొద్దంతా నా అవస్థ చూస్తూ కూర్చున్నారు."

"కూర్చున్నాను సార్."

"అందరికీ మెయిల్ పెట్టండి. ఇప్పుడే, నా ఎదురుగా."

పెట్టాను. ఎనిమిదో స్థానం తప్పని, కొలిచిన పద్ధతి తప్పని, ఆ తప్పు నాదేనని రాశాను. అతను నా భుజం వెనక నిలబడి చదివి, "నిర్లక్ష్యం వల్ల జరిగింది అని చేర్చండి" అన్నాడు.

"నిర్లక్ష్యం కాదు సార్."

"మరేంటి?"

"కోపం. కోపం వల్ల జరిగింది అని రాయమంటారా?"

ఆ వరస లేకుండానే మెయిల్ వెళ్లింది.

మర్నాడు క్యాంటీన్‌లో మా బల్ల దగ్గరివాళ్లు నా మీద విరుచుకుపడ్డారు. వరంగల్ నుంచి వచ్చిన ఒకామె చెంచా కింద పెట్టి అడిగేసింది. "గట్ల ఎందుకు ఒప్పుకున్నవ్? ఇగ మనలో ఎవ్వరు ఏం మాట్లాడినా, మీరంతా గిదే బాపతని అనరా ఆళ్లు?" ఆ రోజు నుంచి నేను నా సీట్లోనే కూర్చుని తిన్నాను.

మూడో రోజు సరైన పద్ధతిలో కొలిచాం. మా ఆఫీసు సర్వర్‌ను పక్కకు తప్పించి, ప్రతి కంపెనీ సర్వర్‌నే నేరుగా అడిగాం. హైదరాబాద్ నుంచి అడిగితే బావగారి కంపెనీ మొదటి స్థానంలో నిలిచింది, మిగతావి అందుకోలేనంత దూరంలో. అతని మొహం విప్పారింది. "చూశారా?" అన్నాడు. చూశాను. మాకు అమెరికాలో రెండు ఊళ్లలో కిరాయికి తీసుకున్న యంత్రాలు ఉండేవి. అక్కడి నుంచి కూడా కొలుద్దామని అన్నాను. అతనికి ఇష్టం లేదు, కానీ కాదనడానికి కారణం దొరకలేదు.

నాలుగో రోజు ఆ అంకెలు వచ్చాయి. అమెరికా నుంచి అడిగితే బావగారి కంపెనీది ఎనిమిదో స్థానం. రెండు ఊళ్ల నుంచీ అంతే. అది సర్వర్ల తప్పు కాదు, అతని పనితనం తప్పు అసలే కాదు. అవి ఉన్నది ముంబయిలో, అడిగేవాడు ఉన్నది సముద్రాల అవతల.

అతను హైదరాబాద్ పట్టీ మళ్లీ తెరిచాడు. తర్వాత అన్నాడు.

"హైదరాబాద్ అంకెలు చాలు. అవే వేద్దాం."

"మన సైటు చదివేవాళ్లు అమెరికాలో ఉన్నారు కదా సార్? మన అంకె చూసి వాళ్లు అక్కడ కొనుక్కుంటారు."

"మొన్న తప్పుడు లెక్క రాసిన మనిషి ఇవాళ నాకు నిజాయితీ నేర్పుతుందా?"

"తప్పు రాశాను. ఒప్పుకున్నాను. మీరు తెలిసి రాస్తున్నారు."

"తెలిసి రాయడం మీకు తెలియదా అండీ? ఒక రోజంతా తెలిసి కూర్చోలేదా?"

అది నా మాటే, నేను చేసిన పనే. దాన్నే తిప్పి నా మీద వేశాడు. ఇద్దరం ఆ పట్టీ తీసుకుని డైరెక్టర్ దగ్గరికి వెళ్లాం. నేను రెండు అంకెలూ వేయాలన్నాను, ఏది ఎక్కడి నుంచి కొలిచిందో పక్కన రాయాలన్నాను. డైరెక్టర్ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "మన ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది కదమ్మా. మన దగ్గర్నుంచి కొలిచింది వేయడంలో అబద్ధం ఏముంది?" అన్నాడు. అబద్ధం లేదు నిజమే. ఆ పేజీ చదివే మనిషికి మాత్రం అబద్ధమే అందుతుంది.

రెండు రోజులకు పేజీ వచ్చింది. బావగారి కంపెనీ మొదటి స్థానం. ఎక్కడి నుంచి కొలిచారో ఎక్కడా లేదు. చివర ‘పరీక్షించినవారు’ అన్న చోట నా పేరు ఉంది. నేను నేరుగా అతని సీటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"నా పేరు తీసెయ్యండి."

"కొలిచింది మీరే కదా?"

"పేరు తీస్తరా, నన్నే తియ్యమంటరా?"

ఈసారి నా మాటకు ఎవరూ నవ్వలేదు. అతను పేజీ తెరిచి నా పేరు చెరిపేశాడు. ఆ ఖాళీ చోట తన పేరు పెట్టుకుంటాడని చూశాను. వేళ్లు కీల మీద కాసేపు ఆగాయి. ‘మా బృందం’ అని కొట్టాడు. తన చేతులతో నిలబెట్టానని అందరికీ చెప్పుకున్న సర్వర్ల పక్కన తన పేరు మాత్రం పెట్టుకోలేకపోయాడు. ఆ సంగతి నాకు తెలిసిందని అతనికీ తెలిసింది. అందుకు నన్ను ఇంకా ఎక్కువ అసహ్యించుకుని ఉంటాడు.

కొన్ని వారాలకు ఆ పేజీ కింద పాఠకుల తిట్లు మొదలయ్యాయి. మీ మాట విని మార్చుకున్నాం, సైటు ముందుకంటే నిదానమైంది, ఎక్కడ కొలిచారు మీరు అని. జవాబులు రాసే పని లీడ్ మీద పడింది. ఏం రాస్తాడో చూడటానికి నేను రోజూ ఆ పేజీ తెరిచేదాన్ని. ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని రాసేవాడు, అందరికీ అదే. నాకు జాలి కలగలేదు.

నెల తిరగకుండానే రాజీనామా ఇచ్చాను. చివరి రోజున పని అప్పగించే కాగితాల మీద అతను సంతకం చేయాలి. చేస్తూ, తలెత్తకుండానే అన్నాడు.

"మీ రాష్ట్రం వచ్చాక మీరే ఒక కంపెనీ పెట్టుకోండి. మీకు నచ్చినట్టు కొలుచుకోవచ్చు."

"పెడతం సార్. మీరు వచ్చి చూద్దురు."

"మమ్మల్ని ఉండనిస్తే కదండీ."

అది ఎగతాళిగా అన్నాడో, భయంతో అన్నాడో నాకు తెలియదు. ఆ క్షణంలో ఒక మంచి మాట అనగలిగేదాన్నే. అనలేదు. కాగితాలు తీసుకుని వచ్చేశాను.

ఇంటి దగ్గర నాయిన నమ్మలేదు.

"మంచిగ ఏసీల కూసుండే నౌకరి, ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

"అబద్ధం రాసిన్రు నాయినా."

"ఆంధ్రోళ్లు గంతే బిడ్డా."

"ముందు నేను రాసిన. తర్వాత ఆళ్లు రాసిన్రు."

మొత్తం చెప్పాను, గాజుపెంకుల పిల్ల దగ్గర నవ్విన సంగతితో సహా. నాయిన సంచిలోంచి యూనిఫారం చొక్కా తీసి, దులిపి, దండెం మీద వేశాడు. ఆ పిల్ల వయసెంతని అడిగాడు. తెలియదన్నాను. నా వైపు చూడకుండానే, "గీ ముచ్చట శిబిరంల ఎవ్వరికీ చెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. రెండు నెలలు ఖాళీగా ఉన్నాక గచ్చిబౌలిలో ఇంకో ఉద్యోగం దొరికింది, అక్కడా కొలిచే పనే. మొదటి వారమే ఒక పట్టీలో ఒకటి రెండు మిల్లీసెకన్లు కనబడితే, పని ఆపి, అది ఏ గదిలోంచి వస్తోందో వెతికి పట్టుకున్నాను. కొత్త మేనేజర్ శభాష్ అన్నాడు. ఇంత తొందరగా ఎలా కనిపెట్టావని అడిగాడు. అనుభవమని చెప్పి ఊరుకున్నాను.

రాష్ట్రం వచ్చింది. లీడ్ ఎక్కడున్నాడో నేను వాకబు చేయలేదు. అతని మీద కోపం పోయిందా అంటే పోలేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా రెండు చోట్ల చెయ్యి బిగుసుకుంది. అతనికీ నా మీద పోయి ఉండదు. ఆ పాప ఇప్పుడు పెళ్లీడుకు వచ్చి ఉంటుంది. కారు ఎక్కుతోందో లేదో అడగడానికి నాకు దారి లేదు.